రౌటర్‌తో రేడియం కటింగ్: మూడేళ్ల తర్వాత

మూసాపేటలో మాది చిన్న బోర్డుల షాపు. ఏసీపీ (రెండు వైపులా అల్యూమినియం ఉన్న ప్లాస్టిక్ షీటు), యాక్రిలిక్ కోయడానికి, కంప్యూటర్ చెప్పినట్టు నడిచే 4 బై 4 అడుగుల సీఎన్‌సీ రౌటర్ ఉంది. రేడియం, అంటే వినైల్ స్టిక్కర్ పని వస్తే మాత్రం ప్లాటర్ (స్టిక్కర్లు కోసే మెషిన్) ఉన్నవాళ్ల దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. వెన్న చేతిలో పెట్టుకుని నేతికి తిరగడం ఎందుకని రౌటర్‌కే బిగించే కత్తి, డ్రాగ్ నైఫ్ ఒకటి తెప్పించాను. లేజర్ ఉన్నా దీనికి పనికిరాదు. వినైల్ అంటే పీవీసీ, కాలిస్తే ఆమ్లం పొగ వస్తుంది, మనిషికీ మెషిన్‌కీ చేటు.

డ్రాగ్ నైఫ్‌ది బిట్టులా గిర్రున తిరిగే పని కాదు. బేరింగుల మీద వదులుగా ఉండే చిన్న బ్లేడు, అంతే. మొన మధ్య గీతకు 0.25 మిల్లీమీటరు పక్కన ఉంటుంది కాబట్టి ఆఫీసు కుర్చీ చక్రంలా లాగినవైపుకు అదే మళ్లుతుంది. బిట్టును తిప్పే స్పిండిల్ ఆగి ఉండాలి. మొదటిరోజు ప్రోగ్రాంలో స్పిండిల్‌ని తిప్పమనే ఎం3 లైను తీసెయ్యడం మర్చిపోయాను. స్పిండిల్ తిరిగి వినైలంతా జంతికలా చుట్టేసింది. మా కుర్రాడు ఎమర్జెన్సీ బటన్ కొట్టి, "అన్నా, ఇది కోస్తదా, నేస్తదా?" అన్నాడు. ఆ సాయంత్రమే హోల్డర్‌ని స్పిండిల్‌లోంచి తీసి పక్కన, పైకీ కిందికీ కదిలే జెడ్ ప్లేట్‌కు బిగించాను.

అసలు టెన్షన్ బ్లేడు ఎత్తుతోనే. ప్లాటర్ బ్లేడును ఇన్ని గ్రాములని నొక్కుతుంది. రౌటర్‌కు నొక్కుడు తెలీదు, ఎత్తు ఒక్కటే తెలుసు. వినైల్ మందం చూస్తే 0.1 మిల్లీమీటరు కూడా ఉండదు, కింద కాగితం తెగకూడదు. వానాకాలంలో కింద పరిచిన మా ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) బెడ్ తేమకు ఉబ్బేది. ఒక మూల అక్షరం కాగితంతో సహా ఊడి వచ్చేది, ఇంకో మూల గీత కూడా పడేది కాదు. బెడ్ మళ్లీ చదును చేసి, పైన అద్దం పలక వేసి, స్ప్రింగ్ ఉన్న హోల్డర్‌కు మారాక సగం బాధ తీరింది. మిగతా సగానికి ఇప్పటికీ ప్రతి పనికీ ముందు నాలుగు మూలల్లో చిన్న చతురస్రాలు కోసి, గోటితో లేపి చూసుకుంటాను.

తెలుగు అక్షరాలకు ఇది బాగా కుదిరింది. 'ల', 'ఱ' లాంటి వంపులు నున్నగా వస్తాయి. తలకట్టు మొనలే పేచీ. సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ (మొన పక్కకు ఉన్న ఆ 0.25) సరిగ్గా ఇవ్వకపోతే మొన గుండ్రబడుతుంది. సున్నా మొదలైన చోటు దాటి అర మిల్లీమీటరు అదనంగా కోయించకపోతే, వేస్ట్ పీకేటప్పుడు అక్కడ అతుక్కుని అక్షరాన్నీ లాక్కొస్తుంది. అంగుళంలోపు ఎత్తున్న అక్షరాల్లో ఒత్తులు పాడవుతాయి, ఎంత ఓపికున్నా.

వేగం సంగతి చెప్పుకోకపోవడమే మేలు. నేను నిమిషానికి 1,500 మిల్లీమీటర్లు దాటనివ్వను. పైగా రోల్ ఉన్నది ఉన్నట్టుగా వేయలేం, ముక్కలు కోసి మాస్కింగ్ టేపుతో అంటించాలి.

రౌటర్ లేనివాళ్లు దీనికోసం కొనొద్దు. ఉంటే, టిఫిన్ సెంటర్ అద్దం మీద అడుగెత్తు అక్షరాలకు హాయిగా వాడుకోవచ్చు. బైకుల మీద పేర్లు మాత్రం నేను ఇప్పటికీ బయటికే పంపుతున్నాను.