ఒంగోలులో ఆర్మీ కోచింగ్: పరుగుకు నాలుగు స్టార్లు, మిగతాదానికి రెండు

మా అక్క కొడుకును ఒంగోలులో ఒక ఆర్మీ కోచింగ్ సెంటర్లో నాలుగు నెలలు ఉంచాం, పేరు చెప్పను. గ్రౌండ్ ట్రైనింగ్‌కు మాత్రం వంక పెట్టలేం. తెల్లారకముందే నాలుగున్నరకు లేపి పరిగెత్తిస్తారు, ఆదివారమైతే కొత్తపట్నం బీచ్‌లో ఇసుక మీద. చేరినప్పుడు 1.6 కిలోమీటర్లకు ఏడు నిమిషాలు పట్టిన వాడు ఇప్పుడు ఐదున్నర లోపే వచ్చేస్తున్నాడు, పుల్లప్స్ పది తీస్తున్నాడు. నేర్పే ఆయన రిటైర్డ్ సుబేదారు, అరుస్తాడే గానీ చెయ్యెత్తడు.

తిండి దండగ. నీళ్ల సాంబారు, వారానికి రెండు గుడ్లు. టెన్త్ ఒరిజినల్స్ తీసుకుని ఫీజు మొత్తం కట్టేదాకా తిరిగివ్వలేదు.

నాకు అసలు ఒళ్లు మండింది గేటు దగ్గర బోర్డుకి. ఆర్మీ ఉద్యోగం, లైఫ్ సెటిల్ అట! ఇప్పుడు సిపాయిగా చేరేది అగ్నివీర్ పథకంలోనే, అదంటే నాలుగేళ్లే కదా, 2022లో పెట్టినప్పుడే నూటికి 25 మందికి మించి ఉంచుకోం అని చెప్పారు, మిగతావాళ్లు సేవానిధి పేరుతో ఒకేసారి ఇచ్చే 11.71 లక్షలు తీసుకుని ఇంటికి రావాల్సిందే, పెన్షన్ లేదు. నేను చెప్పేదాకా మావాడికి ఈ లెక్కే తెలియదు.

పదిహేడున్నర నిండితే చాలు, తీసుకుంటారు. పద్దెనిమిది దాటకపోతే అమ్మానాన్నలు సంతకం పెట్టాలి. మగపిల్లాడి పెళ్లికి 21, ఎమ్మెల్యేగా నిలబడడానికి 25 ఉండాలి, తుపాకీకి మాత్రం మీసం సరిగ్గా రాకపోయినా పర్లేదు. యుద్ధం చేయాలా వద్దా అని తేల్చేదేమో తల నెరిసినవాళ్లు. యాభై ఏళ్లాయన్ని కొండెక్కి కొట్లాడమనలేం, ఒప్పుకుంటాను, కానీ పోయేవాడికి ఎక్కడికి పోతున్నాడో చెప్పాలా వద్దా? లెక్కలు, జీకే రోజూ చెప్తారు, యుద్ధంలో కాలో చెయ్యో పోతే ఏమిటన్నది ఒక్క క్లాసు లేదు. సుబేదారు గారినే అడిగాను. “అవన్నీ చెప్తే ఎవరు చేరతారండీ” అని నవ్వి, కాసేపాగి, “నేనూ పద్దెనిమిదికే పోయాను, ఇంట్లో గడవక” అన్నాడు.

మావాడిదీ అదే కథ. వద్దురా అంటే, “చీమకుర్తిలో గ్రానైట్ దుమ్ము పీలిస్తే మాత్రం ఎన్నాళ్లుంటాను మామా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఆఖరి కంతు కట్టి వచ్చాను.

మీ పిల్లల్ని చేర్పించేటట్లయితే జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. చెప్పకుండా మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లి ఒకసారి సాంబారు గిన్నెలో గరిట పెట్టి చూడండి.