సొంతంగా అప్లై చేయడమా, కన్సల్టెన్సీని నమ్ముకోవడమా?

మొన్న రాత్రి మా పిన్ని కొడుకు విజయనగరం నుంచి ఫోన్ చేశాడు. వాడి బీటెక్ అయిపోయి ఎనిమిది నెలలైంది. "అన్నయ్యా, అమీర్‌పేటలో ఉద్యోగాలు ఇప్పించే ఒక కన్సల్టెన్సీ వాళ్లు రమ్మంటున్నారు. వెళ్లనా, నౌకరీ వెబ్‌సైట్‌లోనే అప్లై చేసుకుంటూ కూర్చోనా?" అని అడిగాడు. నేను తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో జావా డెవలపర్‌ని. మొదటి ఉద్యోగం సొంతంగా అప్లై చేస్తే వచ్చింది, రెండోది కన్సల్టెన్సీ ద్వారా, ఇప్పుడున్నది స్నేహితుడి రిఫరల్‌తో. ఫోన్లో వాడికి పూర్తిగా చెప్పలేకపోయిన మాటలు ఇవి.

ముందు డబ్బు ఎవరిదో తెలియాలి. కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చేది కంపెనీ. మనిషిని చేర్పించినందుకు వాళ్ల ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం ఇవ్వడం మన దగ్గర బాగా వాడుకలో ఉన్న లెక్క. చేరినవాళ్లు మొదటి రెండు మూడు నెలల్లోనే మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టాలన్న షరతు కూడా సాధారణంగా ఉంటుంది. "కరెంట్ సీటీసీ (ఇప్పటి ఏడాది జీతం) ఎంత, ఎక్స్‌పెక్టెడ్ ఎంత, నోటీస్ ఎన్ని రోజులు" అని అడిగి, పాత కంపెనీ వదలడానికి 90 రోజులు అనగానే రిక్రూటర్ ఫోన్ పెట్టేయడానికి కారణం ఈ ఫీజే, మనం చేరితేనే అది వస్తుంది. ఆ అమ్మాయికీ నెల టార్గెట్ ఉంటుంది. ఆమె మీద కోపం తెచ్చుకోకండి. కానీ ఆమె మన తరఫు మనిషి అనుకోకండి.

ఫ్రెషర్‌కి కన్సల్టెన్సీ వద్దని నేను గట్టిగా చెబుతాను. కంపెనీలు కొత్తవాళ్లను కాలేజీల నుంచి, టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి సొంత పరీక్షల నుంచి తీసుకుంటాయి. వాళ్ల కోసం ఏజెన్సీకి ఫీజు కట్టాల్సిన అవసరం పెద్దగా ఉండదు. కంపెనీ కట్టకపోతే ఆ డబ్బు కుర్రాడి దగ్గరే వసూలు చేస్తారు. ట్రైనింగ్ ఫీజు అంటారు, ప్రాసెసింగ్ ఛార్జీ అంటారు, తిరిగి ఇచ్చేసే డిపాజిట్ అంటారు. అది దాటితే బ్యాక్‌డోర్: లేని మూడేళ్ల అనుభవానికి కాగితాలు పుట్టిస్తారు.

నేను ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేట్ అలాగే చేరాడు. వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టి రెండు లక్షలు కట్టారు. ఐదో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబర్)తో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, అంటే ఏయే కంపెనీల్లో పనిచేశాడో చూపే రికార్డు, అడిగారు. పనిచేశానని రాసుకున్న కంపెనీ అందులో లేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే హాస్టల్‌కి వచ్చేశాడు. మెడలో ట్యాగ్ ఉంది, దానికి కార్డు లేదు. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ స్విచాఫ్ చేసి పడుకున్నాడు. ఉద్యోగం ఇప్పిస్తామని రూపాయి అడిగినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల సంగతి వేరు. బయట ప్రకటించని ఖాళీలు కన్సల్టెన్సీలకు తెలుస్తాయి. ఇంటర్వ్యూ అయ్యాక ఏం తేలిందో కనుక్కుని చెప్పే మనిషి ఒకరు ఉంటారు. నా రెండో ఉద్యోగానికి ఫోన్ చేసినావిడ, ఆ మేనేజర్ మల్టీథ్రెడింగ్ మీద ఎక్కువగా అడుగుతాడని ముందే చెప్పింది. నిజంగానే అడిగాడు. అలాంటి రిక్రూటర్ దొరికితే నంబర్ జాగ్రత్తగా దాచుకోండి. అయితే ఆ ఉద్యోగం కంపెనీ పేరోల్ మీదా, కన్సల్టెన్సీ పేరోల్ మీదా అన్నది మొదటి కాల్‌లోనే అడగాలి. కన్సల్టెన్సీ పేరోల్ మీద ఉండే ఉద్యోగాన్ని సీటూహెచ్ (కాంట్రాక్ట్ టు హైర్) అంటారు: పని క్లయింట్ ఆఫీసులో, జీతం, పీఎఫ్ కన్సల్టెన్సీ నుంచి. ప్రాజెక్ట్ ఆగితే క్లయింట్‌కి మన బాధ్యత లేదు. పెద్ద కంపెనీ పనిలో అనుభవం కావాలనుకుంటే తీసుకోవచ్చు. హోమ్ లోన్ ఈఎంఐ ఉన్నవాళ్లు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి.

పోర్టల్ విషయానికొస్తే, నౌకరీలో రిక్రూటర్లు "స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్, హైదరాబాద్" అని కొట్టి, ఈమధ్య ప్రొఫైల్ మార్చినవాళ్లను వడపోస్తారు. వారానికోసారి రెజ్యూమెలో ఒక్క లైను మార్చి సేవ్ చేస్తే కాల్స్ పెరగడం నేనే చూశాను. లింక్డిన్‌లో ఒక్క నొక్కుతో అప్లై చేసేవాటికి వందల మంది ఎగబడతారు. అదే ఖాళీకి కంపెనీ కెరీర్స్ పేజీలో అప్లై చేసి, ఆ టీమ్ మేనేజర్‌కి నాలుగు లైన్ల మెసేజ్ పెట్టడం మేలు. ఓపిక కావాలి. నాకు యాభై అప్లికేషన్లకు మూడు జవాబులు వచ్చిన నెలలున్నాయి.

ఈ రెంటికన్నా రిఫరల్ మేలు. లోపల ఉన్న మనిషి రెజ్యూమె పెడితే కనీసం ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. నాకు అలాంటి అవకాశం ఒకటి చేతిదాకా వచ్చి జారిపోయింది. మాదాపూర్‌లోని ఒక కంపెనీకి స్నేహితుడు నా రెజ్యూమె పెట్టబోతే సిస్టమ్ తీసుకోలేదు. అంతకు రెండు నెలల ముందే ఏదో కన్సల్టెన్సీ నన్ను అడగకుండా అక్కడికి పంపేసిందట. ముందు పంపినవాళ్లకే కొన్ని నెలలపాటు మన ప్రొఫైల్ మీద హక్కు ఉంటుంది. ఆ ఏజెన్సీకి ఫోన్ చేస్తే, నన్ను పంపిన ఖాళీ అప్పటికే మూసేశారన్నారు. రిఫరల్ దారి మూసుకుపోయింది, వాళ్ల దారిలోనూ ఏమీ లేదు.

అమెరికాలో కాంట్రాక్ట్ పనులు చేసే మనవాళ్లకు ఆర్‌టీఆర్ (రైట్ టు రిప్రజెంట్) మెయిల్ బాగా తెలుసు. ఫలానా క్లయింట్‌కి, ఫలానా రేటుకి నా ప్రొఫైల్ పంపడానికి మీకు అనుమతి ఇస్తున్నాను అని రాసిచ్చేది. ఇక్కడ చాలామంది అడగరు కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను. ఏ రిక్రూటర్ రెజ్యూమె అడిగినా ఈ మాటలతోనే పంపుతాను: "కంపెనీ పేరు, పేరోల్ ఎవరిదో చెప్పి, నేను మెయిల్‌లో సరే అన్నాకే నా ప్రొఫైల్ పంపండి." పంపిన ప్రతిదీ తేదీతో సహా ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాను. ఆ షీట్ ఖాళీ కాపీ ఒకటి పిన్ని కొడుక్కి వాట్సాప్ చేశాను. అమీర్‌పేట ప్రయాణం మానుకుని, నిన్న అందులో తన మొదటి లైను రాశాడు.