బయట గోడల పెయింట్ కోసం కొన్న తేమ మీటర్, ఆరేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఇది పెయింట్ రివ్యూ కాదు. గాలిలో తేమ ఎంత శాతం, టెంపరేచర్ ఎంత అని రెండు అంకెలు చూపించే అరచేతిలో పట్టే డబ్బా, హైగ్రోమీటర్ అంటారు, దాని గురించి. కొని ఆరేళ్లయింది, ఈ ఆరేళ్లలో వెనక గోడ ఒకసారి, పోయినేడు ఇల్లు మొత్తం ఒకసారి, మధ్యలో పిట్టగోడ, గేటు అలా చిల్లర పనులు, అన్నీ దీన్ని చూసుకునే చేయించాం. ఇది కొనకముందు వేయించిన పెయింట్ సంగతి చెప్తే గానీ ఎందుకు కొన్నానో మీకు అర్థం కాదు.

అప్పుడు వాన వెలిసి రెండు రోజులైంది, ఎండ బాగానే కాస్తోంది, గోడ ముట్టుకుంటే పొడిగానే ఉంది, ఇంకేం అని మొదలెట్టేశాం. ముదురు ఇటుక రంగు. వెనక గోడకి రెండో కోటు సాయంత్రం ఐదున్నర దాకా లాగి పెయింటర్ వెళ్లిపోయాడు, ఆ రాత్రి మబ్బు చుక్క లేదు, నక్షత్రాలు కూడా కనపడుతున్నాయి, వాన భయం లేదని హాయిగా పడుకున్నాం. పొద్దున్నే లేచి చూస్తే గోడంతా పైనించి కిందకి చారలు, ఎవరో టీ డికాషన్ ఒంపినట్టు, వేలితో రాస్తే సబ్బులాగా జారుతోంది. పెయింటర్ ఏమో మాల్ తేడా అన్నాడు, షాపాయన ఏమో పెయింటర్ నీళ్లెక్కువ కలిపుంటాడు అన్నాడు, మా ఆయన ఇద్దరినీ తిట్టారు. తీరా చూస్తే వాళ్లిద్దరి తప్పూ కాదు, రాత్రి గోడ మీద మంచు దిగింది.

నీళ్లతో కలిపే పెయింట్‌లో రంగు, జిగురు విడిపోకుండా సబ్బు లాంటి పదార్థాలు కలుపుతారు, సర్ఫాక్టెంట్లు అని. పెయింట్ సరిగ్గా ఆరితే అవి లోపలే ఉండిపోయి తర్వాత వానలకి కొంచెం కొంచెంగా పోతాయి, మనకి కనపడవు కూడా. ఆరకముందే తడి తగిలితే మాత్రం ఆ నీళ్లతో పాటు బయటకొచ్చి చారలు కడతాయి, ముదురు రంగుల్లో ఇంకా ఎక్కువ కనపడతాయి. దానికి మందు చాలా సింపుల్, మామూలు నీళ్లతో కడిగేయడమే, గట్టిగా రుద్దక్కర్లేదు, రెండు మూడు సార్లు కడిగితే పోతుంది. మేం ఏం చేశామంటే ఆ జిడ్డు మీదే మూడో కోటు వేయించాం! ఏడాది తిరక్కుండా పెచ్చులు లేచాయి.

ఇంతకీ వాన లేకుండా గోడ ఎందుకు తడిసింది అంటే, మబ్బు లేని రాత్రి గోడలో వేడంతా ఆకాశంలోకి పోయి గోడ చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతుంది, చల్లటి గ్లాసు బయట చెమట పట్టినట్టే గోడకీ పడుతుంది. ఏ టెంపరేచర్ దగ్గర పడుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు, దానికి ఒక కాకి లెక్క ఉంది, వందలోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని అయిదుతో భాగించి, అది గాలి టెంపరేచర్‌లోంచి తీసేయాలి (తేమ 50 శాతం పైన ఉన్నప్పుడే ఈ లెక్క పనిచేస్తుంది). గాలి 28 డిగ్రీలు, తేమ 85 అనుకోండి, 15ని అయిదుతో భాగిస్తే 3, అంటే 25. గోడ ఇంకో మూడు డిగ్రీలు దిగితే చాలు, తడిసిపోయినట్టే. వేసేటప్పుడు, ఆరేటప్పుడు గోడ డ్యూ పాయింట్ కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, ఇది పెయింట్ కంపెనీలు మామూలుగా చెప్పే రూలే, కాకపోతే డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇంకోటి, నాలుగు గంటల్లో రెండో కోటు వేయొచ్చు అని రాస్తారు చూడండి, అది సుమారు 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్నప్పటి లెక్క. ఉక్కపోత రోజున ఆ నాలుగు గంటలు ఎనిమిదైనా ఆశ్చర్యం లేదు.

సరే మీటర్ సంగతి. కొత్తలో దీన్ని నమ్మొచ్చా లేదా అని ఉప్పు టెస్ట్ చేశా, ఇది ఎవరైనా చేసుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి నాలుగు చుక్కల నీళ్లు, ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసకలా ఉండాలి, ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసేసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నకి 75 చూపించాలి. నాది 71 చూపించింది, సరే నాలుగు కలుపుకుందాం అనుకుని వెనక స్కెచ్ పెన్‌తో +4 అని రాశా. ఏటా ఒకసారి చేస్తున్నా, ఇప్పుడది +8 అయింది, అంటే సెన్సర్ మెల్లగా దారి తప్పుతోంది, కానీ ఎంత తప్పుతోందో తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. ఒకసారి మాత్రం గేటుకి ఎనామిల్ వేస్తూ టర్పెంటైన్ గుడ్డ పక్కనే దీన్ని పెట్టా, ఆ ఆవిరికి రెండు రోజులు పిచ్చి అంకెలు చూపించి తర్వాత దానంతటదే సర్దుకుంది. థిన్నర్లకి దూరంగా ఉంచండి.

ఎక్కడ పెడుతున్నాం అనేది ఇంకా ముఖ్యం. ఎండలో పెడితే డబ్బా వేడెక్కి తేమ తక్కువ చూపిస్తుంది, జేబులో పెట్టుకుంటే మన ఒంటి చెమట చూపిస్తుంది. పని చేయబోయే గోడ పక్కనే, నీడలో, పావుగంట వదిలేసి అప్పుడు చూడాలి. మా ఇంటికీ ప్రహరీకీ మధ్య ఒక మనిషి పట్టే సందు ఉంది, ముందు గోడ దగ్గర 66 ఉన్నప్పుడు ఆ సందులో 77 ఉంది! గాలి ఆడదు, పైగా అప్పుడే వేసిన పెయింట్ లోంచి వచ్చే నీళ్లే అక్కడ తిరుగుతుంటాయి. ముందువైపు చూసి సందులో రెండో కోటు వేసేస్తే అంతే సంగతులు, అక్కడ మేం మర్నాడే వేయించాం.

పోయినేడు పని జరిగిన రోజుల్లో ఒక రోజు అంకెలు ఇంకా నోట్స్‌లో ఉన్నాయి (తేడా కలిపే రాస్తున్నా): పొద్దున ఏడుకి 93, తొమ్మిదిన్నరకి 80, ఒంటి గంటకి 59, సాయంత్రం ఐదుకి 72, అది కూడా పెరుగుతోంది. అందుకే పదింటికి మొదలు, మూడున్నరకి బ్రష్ కింద పెట్టేయాలి అని ముందే మాట్లాడుకున్నాం. "అమ్మా, డబ్బా చూసుకుని పెయింట్ వేస్తే మాకు గిట్టదమ్మా" అన్నాడు మేస్త్రీ, అది న్యాయమే, పని రెండు రోజులు ఎక్కువ పట్టింది, ఆ రెండు రోజుల కూలీ మేమే ఇచ్చాం. ఆయన టెస్ట్ ఆయనది, వెనక్కి తిప్పిన చేయి గోడకి ఆనించి చల్లగా ఉంటే ఆగుతాడు. నిజం చెప్పాలంటే పొద్దుటి పూట ఆయన చేయి, నా మీటర్ చాలాసార్లు ఒకటే చెప్పాయి. తేడా వచ్చేది సాయంత్రమే, గోడ వెచ్చగానే ఉంటుంది, ఇంకో మూడు గంటల్లో ఏమవుతుందో చేయి చెప్పదు కదా.

మరీ పొడిగా ఉన్నా తిప్పలే. పిట్టగోడకి వేసిన రోజు తేమ 25 శాతం దగ్గర ఉంది, పైగా వేడి గాలి, రోలర్ పక్క పట్టీకి వెళ్లేలోపే ముందు పట్టీ అంచు ఆరిపోయి అతుకులు అతుకులుగా కనపడింది. ఇక అందరూ మర్చిపోయేది ఒకటి, సున్నం, సిమెంట్ పెయింట్ దీనికి పూర్తి రివర్స్, వాటికి గోడ తడిపి మరీ వేస్తారు, వేశాక కూడా నీళ్లు కొడతారు. తడి గోడైతే ఏం పర్లేదులే అనే మాట అక్కడినుంచే ఎమల్షన్ల దాకా, అంటే ఈ నీళ్లతో కలిపే పెయింట్ల దాకా, వచ్చిందని నా అనుమానం.

ఇప్పుడు దీని చేతకానితనం. ఇది గాలిలో తేమ చెప్తుంది, గోడ లోపలి చెమ్మ చెప్పదు. బాత్రూమ్ వెనక గోడ దగ్గర అన్నీ బాగున్నాయి, గాలిలో 55, ఎండ, అయినా నాలుగు నెలలకి పొక్కులు వచ్చాయి. ఒకటి బ్లేడుతో కోసి చూశా, పెయింట్ పొర మొత్తం లేచి వెనక ప్లాస్టరింగ్ కనపడింది, కాస్త తడిగా, తెల్లటి ఉప్పు పొడితో. అలా అడుగుదాకా లేస్తే చెమ్మ లోపలినుంచి తోస్తోందని అర్థం, పై కోటు ఒక్కటే లేచి కింద పాత పెయింట్ కనపడితే మండే ఎండలో వేడి గోడ మీద వేయడం వల్ల అయ్యుండొచ్చు. మాకేమో లోపల పైపు కారుతోంది. అది బాగు చేయించి, గోడని ఎండనిచ్చి, అడుగున్నర పొడవు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కవర్ ముక్క నాలుగు వైపులా టేప్‌తో అంటించి ఒక పగలు ఒక రాత్రి వదిలేశాం. లోపల చెమట పట్టింది, ఇంకా ఆగాం. మూడోసారికి పొడిగా వచ్చింది, అప్పుడు ప్రైమర్ కొట్టించాం. పిన్నులు గుచ్చి చూసే మీటర్లు కూడా ఉన్నాయి గానీ అవి ఎక్కువగా చెక్క లెక్కతో చేసినవి, గోడలో ఉప్పు ఉంటే ఎక్కువ చూపిస్తాయి, ఎండిన చోటుకీ అనుమానం ఉన్న చోటుకీ తేడా చూసుకోడానికైతే ఓకే.

ఫలితం అంటారా, చారలు కట్టిన ఆ వెనక గోడని గీకించి, కడిగించి, అదే కంపెనీ, అదే రంగు, అదే రకం పెయింట్ మళ్లీ వేయించాం, మనిషి మాత్రం వేరే. పోయినేడు ఇల్లంతా వేయించేటప్పుడు చూస్తే కొంచెం వెలిసింది, ఎండ తగలని మూల పాచి పట్టింది, పెచ్చు మాత్రం ఒక్కటి కూడా లేదు.

అయిదుకి నాలుగిస్తా. ఒకటి తగ్గించింది డ్యూ పాయింట్ నేరుగా చూపించనందుకు, ప్రతిసారీ భాగహారాలు చేయలేక చస్తున్నా, ఇప్పుడు కొంటే అది చూపించేదే కొంటా, దాంతో పాటు గోడ టెంపరేచర్ దూరంనించి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా. బటన్ బ్యాటరీ రెండేళ్ల దాకా వస్తోంది, బ్యాటరీ మూత మాత్రం మొదటి ఏడాదే విరిగింది, గోడకి వాడిన మాస్కింగ్ టేప్ ముక్కే అంటించా, ఇప్పటికీ అదే ఉంది.