‘డైరెక్ట్ ఫిట్’ అన్న మాట నమ్మి సైలెన్సర్ కొనకండి

కారుకి కంపెనీది కాకుండా బయటి సైలెన్సర్ వేయిద్దామనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి. నాది 2018 స్విఫ్ట్, పెట్రోల్. ఆన్‌లైన్‌లో ఒక స్టీల్ సెట్ కనిపించింది. ‘డైరెక్ట్ ఫిట్, వెల్డింగ్ అక్కర్లేదు, స్విఫ్ట్ అన్ని మోడళ్లకీ సరిపోతుంది’ అని రాసుంది. అక్కడే అనుమానం రావాల్సింది నాకు. 2018లో వచ్చిన స్విఫ్ట్‌ ప్లాట్‌ఫామే (కారు అడుగు నిర్మాణమే) వేరు, పాతదాని పైపు దీనికెలా పడుతుంది? మెరుపు చూసి పడిపోయాను, అంతే.

విజయవాడ ఆటోనగర్‌లో కారు లిఫ్ట్ ఎక్కించాక అసలు సంగతి బయటపడింది. ముందు ఫ్లాంజ్ (రెండు పైపుల్ని కలిపే అంచు) బోల్టులు పట్టాయి కానీ, వెనక హ్యాంగర్ రాడ్డుకీ, అంటే పైపుని కారు కింద వేలాడదీసే రాడ్డుకీ, దాన్ని పట్టుకునే రబ్బరుకీ మధ్య ఇంకా రెండు వేళ్ళ దూరం. మెకానిక్ కుర్రాడు పైపుని బలవంతంగా లాగి దూర్చేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. తిరిగొస్తుంటే స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా వెనక యాక్సిల్‌కి తగిలి టంగుమని మోత. నాలుగు రోజులకి ఆ సాగదీసిన రబ్బరు తెగి, టిప్ (పొగ బయటికొచ్చే చివర) ఒకవైపు వాలిపోయి బంపర్‌కి ఆనుకుంది, ఆ వేడికి బంపర్ అంచు కాల్చిన అప్పడంలా వంకర్లు తిరిగింది.

ఫొటోలు పంపితే అమ్మినవాడు ‘మీ మెకానిక్‌కి బిగించడం రాలేదు’ అన్నాడు. వెనక్కి తీసుకోమంటే, హ్యాంగర్ కోసి వెల్డింగ్ చేయించారుగా, కుదరదన్నాడు. నిజమే, రబ్బరు తెగాక కోయించింది నేనే. ఆ తప్పు నాది.

మీరైతే పార్సిల్ రాగానే కొత్త పైపుని పాతదాని పక్కన నేలమీద పెట్టి చూడండి, వంపుల్లో, హ్యాంగర్లలో తేడా అక్కడే తెలిసిపోతుంది. తేడా ఉంటే కోత, వెల్డింగ్ ఏమీ పెట్టుకోకుండా వెనక్కి పంపేయండి. బిగించేటప్పుడు బోల్టులన్నీ వదులుగా ఉంచి, ముందు నుంచి వెనక్కి సరిచూసుకుంటూ వచ్చి, టిప్ చుట్టూ ఖాళీ సమానంగా ఉందనుకున్నాకే టైట్ చేయించాలి. మా మెకానిక్ ముందే ఫ్లాంజ్ గట్టిగా బిగించేశాడు, ఇక వెనక కదిలితే ఒట్టు. ఇంజిన్ ఊగుతుంది, వేడికి పైపు సాగుతుంది, కాబట్టి ఆగి ఉన్నప్పుడు తగలట్లేదు కదా అని ఊరుకోవద్దు. అన్నట్టు, శబ్దం శ్రుతి మించితే జరిమానా 10,000 రూపాయల దాకా పడొచ్చు, అదో టెన్షన్.

పాత సైలెన్సర్‌ని పాత ఇనప సామాన్లవాడికి వేసేయకపోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. కొత్త గ్యాస్కెట్, కొత్త రబ్బర్లు వేయించి ఇప్పుడు దాంతోనే తిరుగుతున్నాను. మెరిసేది మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన పడుంది.