కాగితపు గూడు కిట్: కోత పక్కాగా ఉంది, జిగురు మాత్రం మీదే వాడుకోండి

నల్గొండలో ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. అట్టతో, కాగితంతో బొమ్మలు చేయడం నాకు ఇదే మొదలు. చేసింది గూడు. పాత ఇళ్లల్లో గోడకు దీపం పెట్టుకునే గూడు ఉండేది కదా, ఆ ఆకారమే. ఎత్తు 11 అంగుళాలు, వెడల్పు 7, లోతు రెండున్నర. ముందు రెండు చిన్న తలుపులు, లోపల ఒకదాని వెనక ఒకటి మూడు కమాన్లు. అన్నిటికంటే లోపల మా అమ్మ ఫోటో.

ఇలాంటిది మొదట చూసింది మహబూబ్‌నగర్‌లో, మా ఆడబిడ్డ ఇంట్లో. వాళ్ల పక్కింటావిడ చేసిచ్చిందట. లోపల లక్ష్మీదేవి, చుట్టూ బంగారు కాగితపు కిరణాలు. తలుపులు తెరిచి చూసి అక్కడే నిలబడిపోయాను. ఆ డిజైన్ చేసినామె ముక్కలన్నీ కోసి కిట్‌గా పంపుతుందని తెలిసి ఆడబిడ్డతోనే ఆర్డర్ పెట్టించాను. కొరియర్‌తో కలిపి 740 రూపాయలు. ఐదో రోజుకు వచ్చింది. ఒక మూల కొంచెం నలిగింది కానీ లోపలి ముక్కలకు ఏం కాలేదు.

ముందు కోత గురించి చెప్పాలి. అట్ట మందంగా, బూడిద రంగులో ఉంది, పుస్తకాల బైండింగ్‌కు వాడే రకం. మేము జాకెట్‌కు రెండు చేతులు కోశాక ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంటాం, అంచులు కలవాలి. అలాగే జతలన్నీ పెట్టి చూశాను, వెంట్రుకంత తేడా లేదు. ముందు కమాను కంటే మధ్యది అర అంగుళం చిన్నది, దానికంటే వెనకది ఇంకో అర అంగుళం చిన్నది. వాటి మధ్య స్పాంజి టేపు ముక్కలు పెట్టి ఎడం ఇవ్వాలి. ఇంత చిన్న పెట్టెలోకి చూస్తే గర్భగుడిలోకి చూసినట్టు చూపు లోపలికి పోతుంది. ఆమె పనితనం అంతా ఆ అర అంగుళం తగ్గింపులోనే ఉంది. ఈ కొలత నేను సొంతంగా కనిపెట్టలేకపోయేదాన్ని, 740 పెట్టింది దానికేననుకుంటున్నాను.

జిగురు దగ్గరే దెబ్బతిన్నాను. కిట్‌లో వచ్చిన చిన్న సీసాలోది నీళ్లలా ఉంది. కాగితానికి రాసి వెనక అట్టకు అతికించాను. పొద్దున లేచి చూస్తే అట్ట చేటలా వంగిపోయి ఉంది. తడిసినప్పుడు కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. ఒక్క పక్కే కాగితం ఉంటే వంగక తప్పదు. ఎలా చేయాలో చెప్పే కిట్ కాగితంలో ఈ మాట ఎక్కడా లేదు, అది రాసి ఉండాల్సింది. ఆ కాగితం కూడా మొత్తం ఇంగ్లీషులోనే, బొమ్మలు చూసి అర్థం చేసుకున్నాను. ఫోన్ చేస్తే ఆమె మర్యాదగానే మాట్లాడింది, ఇంకో సీసా పంపుతానంది. వద్దన్నాను. ప్రకాశం బజార్‌లో చిక్కటి తెల్ల జిగురు తెచ్చుకుని, నీళ్లు కలపకుండా కాగితానికి కాక అట్టకే పలచగా రాసి, వెనక వైపు కూడా అదే కొలత కాగితం అతికించాను. పైన బట్ట పరిచి ఇస్త్రీపెట్టె, రెండు లైనింగ్ తానులు బరువు పెట్టి ఒక రాత్రి వదిలేశాను. పలకలా నిలిచింది.

తలుపుల బందులు కూడా మార్చాల్సి వచ్చింది. కిట్‌లో కాగితపు పట్టీ ఇచ్చారు. పదిసార్లు తెరిచేసరికి మడత దగ్గర తెల్లగా చిట్లింది. దాని బదులు లైనింగ్ బట్ట పట్టీ వేశాను. కాగితాలకు అంచుల్లో మడిచే మార్జిన్ కూడా పావు అంగుళమే వదిలారు. కుట్టుపని తెలిసినవాళ్లు ఎవరూ అంత తక్కువ వదలరు.

బంగారు కిరణాలు మాత్రం నేను అతికించలేదు. మా పుట్టిల్లు పుట్టపాక. అప్పట్లో నల్గొండ జిల్లానే, 2016లో యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది. ఇంట్లో తేలియా రుమాల్ అనే చేనేత బట్ట నేసేవాళ్లు. నాన్న మగ్గం మీద ఉంటే అమ్మ ఆసు పోసేది. ఆసు చూడనివాళ్లకు చెప్తాను: ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు తిరగాలంటారు. అమ్మ కుడి భుజం రాత్రుళ్లు నిద్ర పోనిచ్చేది కాదు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఈ బాధే చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి అమ్మ చెయ్యి పైకి లేవడం మానేసింది.

వెనక కమాను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆసే కనిపించింది, అదే అర్ధచంద్రం. వదినకు ఫోన్ చేస్తే ఎరుపు, నలుపు, తెలుపు నూలు పంపింది, ఒక పాత రుమాల్ ముక్క కూడా పెట్టింది. కమాను అంచు వెంట 23 గుండుసూదులు గుచ్చాను. ఒక్క అట్టలో సూది నిలవలేదు, వెనక ఇంకో అట్ట అతికించాక గట్టిగా పట్టింది. కింద, ఫోటో పాదం దగ్గర ఒక సూది. అక్కడి నుంచి దారం పైకి, సూది చుట్టూ తిప్పి కిందికి, మళ్లీ పైకి. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని తెగిన దారాలు ముడివేసి ఇచ్చేదాన్ని, ఆసు ఎప్పుడూ పోయలేదు. నాలుగో సూదికి చెయ్యి లెక్కపెట్టడం మానేసింది, ఆ ఊపు వచ్చేసింది. 23 సూదులకే నా భుజం పట్టేసింది. కాసేపు పని ఆపి అమ్మ ఫోటో చూస్తూ కూర్చున్నాను.

ఫోటో వెనక గోడకు రుమాల్ ముక్క అతికించాను. బట్టకు జిగురు రాస్తే పైకి ఊరి మరక పడుతుంది. అట్టకు రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, అప్పుడు బట్ట పరిచి చేత్తో ఒత్తాలి. ఈ నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెడతారు, తేలియా అన్న పేరు ఆ నూనె నుంచే. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కు జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకేనని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడు గూటి తలుపులు తెరిస్తే ముందు ఆ నూనె వాసన వస్తుంది. మొన్న అన్నయ్య వచ్చి తలుపు తెరిచాడు, ఫోటో చూడకముందే "అమ్మ" అన్నాడు.

గూటి వెనక చిన్న కాగితం మీద డిజైన్ చేసినామె పేరు రాసి అతికించాను. కమాన్లు ఆమెవి, ఆసు మాది. ఫోటో పంపితే ఆమె చాలా సంతోషపడి, మిగతావాళ్లకు చూపించుకోవచ్చా అని అడిగింది. పుట్టపాక ఆసు అని కింద రాస్తే చూపించుకోమన్నాను, రాసింది.

ఐదుకు నాలుగు ఇస్తాను. కత్తెర పట్టడం వచ్చినవాళ్లు తీసుకోవచ్చు, రోజుకు రెండు గంటల చొప్పున వారం పడుతుంది. పిల్లలతో చేయించాలనుకుంటే పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. వదిన కోసం ఇంకోటి ఆర్డర్ పెట్టాను. జిగురు సీసా, బంగారు కిరణాలు వద్దని రాస్తే నలభై రూపాయలు తగ్గించింది.