గండికోటలో టెంటు వద్దు, తాడిపత్రిని వదలొద్దు

కడప జిల్లా గండికోటలో టెంట్ల ఫొటోలు చూసి అడ్వాన్సు కొట్టేయకండి. తలకు 1,200 చొప్పున నలుగురికి 4,800 కట్టాం. ‘లోయ అంచునే’ అన్న టెంటు లోయకు ఫర్లాంగు దూరంలో ఉంది. పన్నెండు టెంట్లకు మరుగుదొడ్డి ఒకటే. తెల్లవారుజామున ఐదింటికే దాని ముందు క్యూ. అన్నిటికంటే పెద్ద చిక్కు నేల. అక్కడంతా రాతి పలక, మేకు దిగదు. తాళ్లను బండరాళ్లకు చుట్టి వదిలేస్తారు. అర్ధరాత్రి లోయలోంచి గాలి లేచిందంటే గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది, నిద్ర పట్టదు. మా బావ దిండు తీసుకెళ్లి కార్లో పడుకున్నాడు. పొద్దున కాఫీ పడేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

టెంటే కావాలంటే డబ్బు పంపకముందే మూడు అడగండి: మరుగుదొడ్లు ఎన్ని, కింద పరుపా చాపా, రాత్రి భోజనం ఎన్నింటికి. ఫొటో కాదు, వీడియో పంపమనండి. దాటేస్తే వదిలేయండి. నన్నడిగితే టూరిజం వాళ్ల హరిత హోటల్ మేలు. శని, ఆదివారాలకు చాలా ముందే గదులు నిండిపోతాయి. అది దొరక్కపోతే 15 కిలోమీటర్ల అవతల జమ్మలమడుగులో లాడ్జి తీసుకుని, ఐదింటికి బయల్దేరితే సూర్యోదయం అందుతుంది.

చాలామంది చేసే పొరపాటు, కారు దిగి నేరుగా లోయ దగ్గరికి పోయి, సెల్ఫీ తీసుకుని వెనక్కి రావడం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన గండి అది. చూడాల్సిందే, కాదనను. కానీ కోటకు కనీసం మూడు గంటలు పెట్టుకోవాలి. సాయంత్రం నాలుగుకల్లా చేరి, ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద వాకిలితో మొదలుపెట్టండి. పావురాల గోపురం, జైలు, మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, కత్తుల కోనేరు, రంగనాథస్వామి గుడి, ఆఖరున లోయ. కోటలోపల ఊరుంది, జనం కాపురం ఉంటున్నారు. వాళ్ల గుమ్మాల ముందు కెమెరా ఎత్తేముందు అడగండి. లోయ అంచున కమ్మీలు లేవు, బండలు కొన్ని కదులుతాయి. చెప్పులతో వెళ్లొద్దు, బూట్లు వేసుకోండి. పిల్లల చెయ్యి వదలొద్దు. లోయలో నీళ్లు నిండుగా కనిపించాలంటే వానలు తగ్గాక, అక్టోబరు నుంచి జనవరి లోపు వెళ్లాలి. ఏప్రిల్, మే నెలల్లో పదింటికే బండ కాలిపోతుంది.

పొద్దున జమ్మలమడుగులో ఉగ్గాని, అంటే మరమరాల ఉప్మా, తినకుండా కదలొద్దు. బొరుగుల్ని నీళ్లలో ముంచీ ముంచకముందే పిండేయాలి. ఒక్క క్షణం ఎక్కువ నానితే ముద్దయిపోతుంది. బస్టాండు దగ్గర తోపుడు బండామె వాటిని రెండు చేతులతో పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లింది. బొరుగు బొరుగు విడివిడిగా ఉంది. రెండు మిరపకాయ బజ్జీలతో ప్లేటు 40. బావ రెండు ప్లేట్లు లాగించాక మళ్లీ మాటలు మొదలయ్యాయి.

అక్కడి నుంచి బెలుం గుహలకు గంటన్నర. పదింటికి గేటు తీస్తారు, ఆ వేళకే ఉండండి. మధ్యాహ్నమైతే స్కూలు పిల్లల బస్సులు దిగుతాయి. సున్నపురాతి గుహ మొత్తం 3,229 మీటర్లు. మనల్ని పోనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. పైన ఎంత చలిగా ఉన్నా లోపల ఉక్క. గాలి గొట్టాలు పెట్టారు, అయినా పావుగంటలో చొక్కా తడిసిపోతుంది. నూలు బట్టలు వేసుకుని, మనిషికో అర లీటరు నీళ్లు పట్టుకెళ్లండి. ఆయాసం, బీపీ ఉన్నవాళ్లు మొదటి మలుపుల్లో ఊపిరి ఎలా ఉందో చూసుకుని వెనక్కి రావడమే మంచిది. గుహ అడుగున నీళ్లు పారే పాతాళగంగ 46 మీటర్ల లోతున ఉంది. దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మెట్లు తడిగా ఉంటాయి, కమ్మీ పట్టుకోండి. సప్తస్వరాల గుహలో రాతి ఊడల్ని వేలి కణుపుతో మెల్లగా తట్టినా మోగుతాయి. తాళంచెవులతో బాదే మహానుభావులు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు, ఆపండి. అది రాయి, విరిగితే మన తరంలో మళ్లీ పెరగదు.

బెలుం నుంచి 30 కిలోమీటర్లు తాడిపత్రి. అందరూ బైపాసులో దాటిపోయే ఊరు ఇదే, ఈ మొత్తం తిరుగుడులో నాకు బాగా నచ్చిందీ ఇదే. గండికోటనేలిన పెమ్మసాని నాయకులే ఇక్కడి గుళ్లు కట్టించారు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో లింగం దగ్గర నీటి ఊట ఊరుతూనే ఉంటుంది. ‘బుగ్గ’ అన్న పేరు అందుకే. గోపురాలు రెండు సగంలో ఆగిపోయాయి. పైన శిఖరం లేకపోవడంతో చూపంతా కింది రాతి మీదే నిలుస్తుంది. కాళ్ల దగ్గర నుంచి తల ఎత్తేదాకా జానెడు రాయిని ఖాళీగా వదల్లేదు శిల్పులు. చింతల వెంకటరమణ గుడిలో రాతి రథం ఉంది, హంపి రథానికి తమ్ముడు. మధ్యాహ్నం గుళ్లు మూస్తారు కాబట్టి భోజనం చేసి నాలుగు దాటాక వెళ్లండి. ఎండ పక్కవాటుగా పడి చెక్కడం లోతు తెలుస్తుంది. తాడిపత్రి స్టేషను గుంతకల్లు–రేణిగుంట లైను మీద ఉంది. రాత్రి బండికి టికెట్టు తీసుకుంటే గది అద్దె కూడా మిగులుతుంది.