తీర్థన్ లోయలో ట్రౌట్ వేట: సామాను మోయడం గురించి నా అనుభవం

ఏప్రిల్ నెలలో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు వెళ్ళి, ఐదు రోజులు ట్రౌట్ అనే చల్లని నీటి చేపల కోసం ఫ్లై ఫిషింగ్ (ఈకలు, దారాలతో పురుగులా కట్టిన గాలంతో చేపలు పట్టడం; ఆ గాలాన్నే ఫ్లై అంటారు) చేసి వచ్చాను. ఇక్కడ ఎక్కువగా సంచుల గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఆ ప్రయాణంలో నన్ను ఏడిపించినదీ, చివరకు సంతోషపెట్టినదీ సంచే.

బయలుదేరే ముందు హైదరాబాదులో ఒక దుకాణంవారు, తేలికైనదనీ, నీరు చొరదనీ, సామానంతా ఇందులోనే పడుతుందనీ చెప్పి 6,850 రూపాయలకు ఒక పెద్ద సంచిని నాకు అంటగట్టారు. ఇంటికి తెచ్చి తూకం వేస్తే ఖాళీ సంచే 1,640 గ్రాములు ఉంది. అప్పుడే తిరిగి ఇచ్చివేయవలసింది. దానిలో నీటిలో దిగే రబ్బరు దుస్తులు, వాటి బూట్లు, జేబుల వెస్టు, ఛాతీకి కట్టుకునే సంచి, వల, ఆరు ఫ్లై పెట్టెలు, గాలం దారం చుట్టుకునే రెండు రీళ్ళు సర్దేసరికి అదొక్కటే పద్నాలుగు కిలోలైంది. బట్టలతో కలిపితే విమానంవారు అనుమతించే 15 కిలోలకు మూడు కిలోలు ఎక్కువ తూగింది, అందుకు 1,800 రూపాయలు కట్టాను. చేతిలో ఉన్న అల్యూమినియం గొట్టంలో తొమ్మిది అడుగుల రాడ్ (గాలపు కర్ర) నాలుగు ముక్కలుగా ఉంది. భద్రతా తనిఖీ దగ్గర దానిని లోపలికి రానివ్వక మళ్ళీ కౌంటరుకు పంపారు. పిట్టలను చూడడం కోసమే నాతో బయలుదేరిన మా బావగారు ఆ నలభై నిమిషాలూ ఒక్క మాటైనా అనకుండా నిలబడ్డారు, ఆయన అలా మౌనంగా ఉండడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఢిల్లీ నుండి రాత్రి బస్సులో మనిషికి 1,350 రూపాయలు, ఔట్ అనే ఊరి సొరంగం దగ్గర దిగి లోయలోని గుషైనీ గ్రామానికి టాక్సీలో 1,800 రూపాయలు అయ్యాయి. రెండు పూటల భోజనంతో గదికి రోజుకు 2,400 రూపాయలు తీసుకున్న ఇంటివారు మమ్మల్ని చక్కగా చూసుకున్నారు. గాలం వేయడానికి మత్స్యశాఖ అనుమతికి నా దగ్గర రోజుకు 100 రూపాయలు తీసుకున్నారు, ఆ చీటీ జేబులో లేకుండా నది దగ్గరకు వెళ్ళవద్దు.

మొదటి రోజు ఉదయం ఆ సామానంతా వీపున వేసుకుని, ఏటి ఒడ్డున గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనం గేటు దిక్కుగా నడిచాను. తీర్థన్ ఒడ్డు ఇసుక తిన్నె కాదు, మనిషెత్తు బండరాళ్ళ మీద ఒక్కొక్క అడుగూ చూసి వేయాలి. నిండిన వెస్టు బరువంతా మెడ మీద పడగా, దాని పైన కట్టుకున్న ఛాతీ సంచి నా పాదాలనే నాకు కనబడనివ్వలేదు. రెండో మలుపులో తడి బండ మీద కాలు జారి మోకాలు గీసుకుపోయింది. మధ్యాహ్నం వాన పట్టుకుంది. నీరు చొరదన్న ఆ సంచి జిప్పు పళ్ళు విడిపోయి లోపలికి నీరు దిగింది, మూడు పెట్టెలలోని ఫ్లైలు తడిసి మర్నాటికి కొక్కేలకు తుప్పు పట్టింది. ఆ రోజు నేను గాలం వేసినది గంటసేపు మాత్రమే. వల మోసిన బావగారు సాయంత్రం, రేపటి నుండి తాను వేరే దారిన పిట్టలను చూడడానికి వెళతానని చెప్పారు.

మర్నాడు రోజుకు 1,500 రూపాయలకు ఒక స్థానిక గైడును మాట్లాడుకున్నాను. అరవై ఏళ్ళు దాటిన ఆ పెద్దమనిషి నడుముకు ఒక గుడ్డ సంచి కట్టుకుని వచ్చారు. అందులో ఒక సబ్బు పెట్టె, దాని లోపల పాత రబ్బరు చెప్పు అడుగును కోసి అతికించిన ముక్క, ఆ ముక్కకు గుచ్చిన ఇరవై ఫ్లైలు, రెండు దారపు చుట్టలు, గాలం ఊడదీసే చిన్న పటకారు, రెండు రొట్టెలు ఉన్నాయి. నా సామానంతా విప్పించి చూసి, రబ్బరు దుస్తులను పక్కన పెట్టమన్నారు. ఏప్రిల్‌లో మంచు కరిగిన నీరు చల్లగా, వడిగా వస్తుంది కనుక లోపలికి దిగడమే తప్పనీ, ట్రౌట్ ఒడ్డు బండల వెనుక నీడలోనే ఉంటుంది కనుక పైనుండే వేయవచ్చుననీ ఆయన చెప్పారు. రెండున్నర కిలోల ఆ దుస్తులను, బూట్లను నేను ఆ తరువాత ఒక్కసారి కూడా తొడగలేదు.

మిగిలిన నాలుగు రోజులూ ఇంటివారి దగ్గర అడిగి తీసుకున్న నడుము సంచితోనే తిరిగాను. చేతులకు, భుజాలకు అడ్డు లేకపోవడం వల్ల లైను (గాలం దారం) విసరడం నాకు ఒక్కసారిగా సులువైంది. భుజానికి అడ్డంగా వేసుకునే సంచి కూడా మంచిదేనని చాలామంది అంటారు, కానీ చేపను వదలడానికి వంగినప్పుడల్లా అది ముందుకు జారి నీళ్ళలో పడుతుంది. నడుము లోతు నీటిలో దిగే నదులకైతే నడుము సంచి పనికిరాదు, అక్కడ ఛాతీ సంచే మేలు. మోకాలు దాటి దిగనక్కరలేని తీర్థన్ వంటి కొండవాగులకు మాత్రం నడుము సంచికి మించినది లేదని నా గట్టి అభిప్రాయం. జపాన్ పద్ధతి టెంకారా రాడ్ ఇంకా తేలిక. దానికి రీలే ఉండదు, ముక్కలు ఒకదానిలో ఒకటి దూరి అర మీటరుకు ముడుచుకుంటుంది. కానీ పెద్ద చేప వడిలోకి పరుగెత్తితే వదలడానికి చేతిలో లైను ఉండదు కనుక నేను దానిని ఎంచుకోలేదు.

నాలుగో రోజు ఒక బండ వెనుక నుండి 31 సెంటీమీటర్ల బ్రౌన్ ట్రౌట్ వచ్చింది. ఒళ్ళంతా ఎర్రని, నల్లని చుక్కలతో ఉన్న ఆ చేపను బావగారు స్వయంగా చూసి, ఫోటో తీసి, వదలమన్నారు. ఆ రాత్రి ఇంటివారు ఆవిరిపై ఉడికించి నేతితో వడ్డించిన సిడ్డూలను (గోధుమపిండితో చేసే అక్కడి వంటకం) ఆయన నాలుగు తిన్నారు.

తిరిగి వచ్చాక ఆ దుకాణంవారు సంచిని వెనక్కి తీసుకోలేదు, జిప్పుకు హామీ వర్తించదన్నారు. సికింద్రాబాదులో సంచులు కుట్టే ఒకతని చేత దాని గుడ్డతోనే నడుము సంచి కుట్టించుకున్నాను, 380 రూపాయలు తీసుకున్నాడు. ఏడు ముక్కల రాడ్ కొన్నాను, అది అర మీటరులోపు ప్లాస్టిక్ పైపులో ఇమిడి బట్టల పెట్టెలోనే సర్దుకుంటుంది. రాడ్, పైపు, రీలు, రెండు పెట్టెలు, దారాలు, పటకారు, సంచితో సహా ఇప్పుడు మొత్తం 1,400 గ్రాములు. ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుండి ఫిబ్రవరి చివరి వరకు అక్కడ వేట నిషేధం కనుక మార్చిలో మళ్ళీ వెళదామని ఈసారి బావగారే అన్నారు.